మొదటి చలికాలానికి ఒక వయొలిన్

స్టాక్‌హోమ్‌లో దిగాక పర్సన్‌నంబర్ (ఇక్కడి గుర్తింపు సంఖ్య), బ్యాంక్ ఖాతా, అద్దె ఇల్లు అంటూ టెన్షన్‌లోనే రెండు నెలలు గడిచిపోతాయి. హమ్మయ్య అనుకుని కిటికీలోంచి చూస్తే నవంబరు చివర, మధ్యాహ్నం మూడింటికే చీకటి. విటమిన్ డి వేసుకోమని అందరూ చెప్తారు. వేసుకోండి. దాంతోపాటు డెబ్బైల నాటి స్వీడిష్ సైకెడెలిక్ రాక్, అంటే మత్తులో తేలినట్టుండే రాక్ సంగీతం, కూడా వినమని నా సలహా.

రాక్ మనకు పడదని ముందే తీర్మానించుకోకండి. వయొలిన్ ఉన్న బ్యాండ్లతో మొదలుపెట్టండి. కచేరీలు విన్న చెవికి కమాను శబ్దం పరాయిది కాదు కదా.

మొదట కెబ్నెకైసె. స్వీడన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ పేరే బ్యాండ్‌కు పెట్టుకున్నారు. 1971లో వచ్చిన తొలి ఆల్బమ్ బరువైన గిటార్ రాక్. 1973 నాటి రెండోదానికి పల్లె బాణీల వైపు తిరిగారు. నా ఓటు దానికే. అందులో గిటార్లూ వయొలినూ కలిసి ఒకే బాణీని పట్టుకుని నడుస్తాయి. ‘హోర్గలోటెన్’ అనే పాట వినేముందు దాని కథ తెలుసుకోండి. హోర్గ అనే ఊళ్లో కుర్రకారు నాట్యమాడుతుంటే ఎవరో కొత్త వాయిద్యగాడు వయొలిన్‌తో వస్తాడు. వాయిస్తుంటే ఎవరికీ కాళ్లు ఆగవు. అతని కాలు గిట్టలా ఉందని ఒకరు గమనించేసరికి ఆలస్యమైపోయింది. అందర్నీ కొండమీదికి తీసుకెళ్లి, చచ్చేదాకా ఆడించాడట. మన దగ్గర వయొలిన్ కచేరీ వేదిక ఎక్కింది, ఇక్కడేమో దయ్యం చేతిలో పడింది!

ఈ పల్లె బాణీల్లో పోల్స్కాలు అనే నాట్య బాణీలు ఎక్కువ. చేత్తో తాళం వేసి చూడండి. దెబ్బలు మూడే, కానీ కొన్ని ప్రాంతాల్లో వాటి నిడివి సమానంగా ఉండదు. మొదటి దెబ్బ కురచగా పడి, రెండోది సాగుతుంది. నాకు పట్టు దొరకడానికి వారం పట్టింది, అదీ గిన్నెలు తోముతూ.

తర్వాత పార్సన్ సౌండ్ అనే బ్యాండ్. అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ 1967లో స్టాక్‌హోమ్ వచ్చి వినిపించిన సంగీతం ఈ బ్యాండ్ కుర్రాళ్ల బుర్ర తిప్పేసింది. వాళ్లే తర్వాత ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయి, చివరికి ‘చెట్లు, గడ్డి, రాళ్లు’ అని అర్థం వచ్చే ట్రెడ్ గ్రేస్ ఓ స్టేనార్ అయ్యారు. తొలి రోజుల్లో వాళ్ల దగ్గర వయొలినూ, దాని పెద్దన్న లాంటి చెల్లో కూడా ఉండేవి. ఒకే శ్రుతిని పట్టుకుని నిమిషాల తరబడి వదలరు. తంబురా అలవాటున్నవాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది, లేనివాళ్లకు తలనొప్పి రావచ్చు. 1970లో స్టాక్‌హోమ్‌లోని యార్డెట్ మైదానంలో ఉచితంగా జరిగిన సంగీతోత్సవంలోనూ వీళ్లున్నారు. ఆ మైదానం ఇప్పటికీ అలాగే ఉంది, ఆదివారం నడకకు వెళ్లొచ్చు.

కొత్త బ్యాండ్లలో డుంగెన్ చాలు. 2004 ఆల్బమ్ పేరు ‘తా దె లుంగ్‌త్’, అంటే ‘కంగారు పడకు’. పాటలన్నీ స్వీడిష్‌లోనే కాబట్టి భాషా తరగతికి వెళ్లేవాళ్లకు ఉపయోగపడుతుంది.

ఒక హెచ్చరిక. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది దాటాక స్పీకర్ పెట్టకండి. ఓసారి నేను పెడితే తెల్లారి తలుపుకు పక్కింటివాళ్ల చీటీ అంటించి ఉంది: ‘సంగీతం బాగుంది, హెడ్‌ఫోన్స్ ఇంకా బాగుంటాయి.’ కింద నవ్వు బొమ్మ కూడా. ఎదురుపడి ఒక్క మాట అనలేదు, ఇక్కడి పద్ధతి అదే. కచేరీకి వెళ్తే కోటు పెట్టే చోట విడిగా డబ్బులు అడగవచ్చు. కార్డు ఉంచుకోండి, నోట్లు చాలాచోట్ల తీసుకోరు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మర్చిపోవద్దు.

వేసవి వచ్చాక మాత్రం దలార్నా జిల్లాలో, జులైలో జరిగే బింగ్‌షో వాయిద్యకారుల జాతరకు వెళ్లండి. వేదిక కన్నా చెట్ల కింద జరిగే వాయింపే అసలు సందడి. దాన్ని ‘బుస్క్‌స్పెల్’ అంటారు, పొదల దగ్గరి వాయింపు అన్నమాట. నలుగురు కూడితే చాలు, ఒకరు బాణీ ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. పక్కన నిలబడి వింటే ఎవరూ ఏమనరు. మీకు వయొలిన్ వస్తే పట్టుకెళ్లండి. దోమల మందు కూడా.