నాణేలకా, బంగారానికా: మొదటి మెటల్ డిటెక్టర్ ఎంపిక

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బల్లారట్, బెండిగో పరిసరాల పాత బంగారు నేలల్లో వెతకాలనుకునే కొత్తవారు ముందుగా తేల్చుకోవలసింది తమ గురి నాణేలపైనా, బంగారంపైనా అన్నది. సముద్రతీరపు పొడి ఇసుకలో నాణేలకైతే 8 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో, అంటే సెకనుకు 8 వేల కంపనాలతో పనిచేసే గ్యారెట్ ఏస్ 300 వంటి డిటెక్టర్ చాలు. ఇనుప మేకుల వంటి చెత్తను వేరుచేసే సదుపాయం అందులో ఉంటుంది. చిన్న బంగారు రేణువులు అంత తక్కువ పౌనఃపున్యానికి సరిగా స్పందించవు కనుక, 45 కిలోహెర్ట్జ్ గల మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 వంటి యంత్రం కావాలి. రెండింటికీ ఒక్కటే అనుకుంటే, బహుళ పౌనఃపున్యాల ఈక్వినాక్స్ 800 నయం.

ఆ బంగారు నేలల్లో ఇనుప ఖనిజం ఎక్కువ కాబట్టి, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల సంకేతాన్ని పట్టించుకోకుండా సరిచేసుకునే సదుపాయం) లేని యంత్రం అడుగడుగునా ఊరికే మోగి విసిగిస్తుంది. నిరంతర తరంగానికి బదులు విడివిడి విద్యుత్ స్పందనలతో పనిచేసే పల్స్ ఇండక్షన్ యంత్రాలు అటువంటి నేలలో మరింత లోతుకు చూస్తాయి గానీ, ఇనుమును వేరుచేయడంలో బలహీనం, ధరా ఎక్కువే; మొదటి కొనుగోలుగా వాటిని సూచించను.

బంగారం వెతికేందుకు మైనర్స్ రైట్ అనే అనుమతిపత్రం తప్పనిసరి. అది 10 ఏళ్లు చెల్లుతుంది. తమ డిటెక్టర్‌ను సెలవుల్లో స్వదేశమైన భారతదేశానికి తెచ్చేవారు మాత్రం, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్న 1878 నాటి చట్టాన్ని గుర్తుంచుకోవాలి.