జీపీజీతో మెయిల్: సంతకం దగ్గర, ఎన్‌క్రిప్షన్ దగ్గర ఆగిపోతే

జీపీజీ అంటే మెయిల్‌కు తాళం వేసే (ఎన్‌క్రిప్షన్), అది మీదేనని సంతకం పెట్టే ప్రోగ్రామ్. దాని మాట పుల్లవిరుపు. పని ఆగితే ఒక్క లైను విసిరేసి ఊరుకుంటుంది. ఆ లైను చూడగానే కొత్త కీ తయారు చేసుకోవడానికి పరిగెత్తకండి. కీ పాడైన సందర్భాలు చాలా అరుదు.

సంతకం చేయబోతే "ఇనప్రాప్రియేట్ ఐఆక్టల్ ఫర్ డివైస్"

పాస్‌ఫ్రేజ్ (మీ కీని కాపాడే రహస్య పదబంధం) అడిగేది జీపీజీ కాదు. వెనకాల ఉండే ఏజెంట్, పిన్‌ఎంట్రీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో అడిగిస్తుంది. ఏ టెర్మినల్‌లో అడగాలో దానికి తెలియకపోతే ఈ గొడవ. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పని చేసేవాళ్లకు బాగా పరిచయం. టీటీవై కమాండ్ ఇచ్చే జవాబును జీపీజీ_టీటీవై అనే వేరియబుల్‌లో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి, అదే లైను బాష్‌ఆర్‌సీలోనూ (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) రాసుకోండి.

"ఇందాక పనిచేసిందే!" అంటారా? ఏజెంట్ పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 600 సెకన్లు గుర్తుంచుకుంటుంది. అప్పటిదాకా అడగాల్సిన అవసరమే రాలేదు, అంతే.

"నో సీక్రెట్ కీ"

కొత్త ల్యాప్‌టాప్‌లోకి పబ్లిక్ కీ (అందరికీ ఇచ్చేది) ఒక్కటే తెచ్చుకున్నారు, సంతకం పెట్టే, తాళం తీసే సీక్రెట్ కీ రాలేదు. లిస్ట్-సీక్రెట్-కీస్ ఆప్షన్‌తో చూస్తే ఖాళీగా ఉంటుంది. పాత మెషీన్‌లో ఎక్స్‌పోర్ట్-సీక్రెట్-కీస్ చేసి ఇక్కడ ఇంపోర్ట్ చేయాలి. ఆ ఫైల్‌ను మాత్రం మెయిల్లో పంపుకోకండి, పెన్‌డ్రైవ్ నయం.

"ఈ కీ ఫలానా వ్యక్తిదే అన్న భరోసా లేదు" అని అడ్డుపడితే

ఇది లోపం కాదు, హెచ్చరిక. ఎవరి పేరుతోనైనా ఎవరైనా కీ చేసుకోవచ్చు కదా. ట్రస్ట్-మోడల్‌ను ఆల్వేస్ అని పెట్టి దీని నోరు మూయించే చిట్కా చాలామంది చెబుతారు. నేను చెప్పను. అవతలి మనిషికి ఫోన్ చేసి, కీని గుర్తించే కోడ్ అయిన ఫింగర్‌ప్రింట్‌లోని 40 అక్షరాలూ చదివించుకుని సరిపోల్చి, ఎల్‌సైన్-కీతో మీ వరకు ఆమోదించండి. రెండు నిమిషాల పని.

కీకి గడువు తీరితే మాత్రం మీ వైపు చేసేదేమీ లేదు. గడువు పెంచి మళ్లీ పంపమని వాళ్లనే అడగాలి.

పంపిన మెయిల్ మీకే తెరుచుకోకపోతే

అవతలివాళ్ల కీతో మాత్రమే తాళం వేశారు. ఇప్పటికే పంపిన కాపీని మీరు తెరవలేరు. ఇకమీదట అలా జరక్కుండా జీపీజీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఎన్‌క్రిప్ట్-టు అని రాసి, పక్కన మీ కీ ఫింగర్‌ప్రింట్ పెట్టండి.

"బ్యాడ్ సిగ్నేచర్"

ముందు ఒక తేడా: "నో పబ్లిక్ కీ" అని వస్తే సంతకం తప్పని కాదు, సరిచూసే కీ మీ దగ్గర లేదని. బ్యాడ్ అంటే మాత్రం సంతకం పెట్టాక సందేశం మారింది. ఎవరో దొంగ మార్చాడని ఉలిక్కిపడేలోపు మీ మెయిల్ ప్రోగ్రామ్‌ను అనుమానించండి.

క్లియర్‌సైన్‌తో పెట్టిన సంతకం మామూలు అక్షరాల మధ్యే ఉంటుంది. పొడవైన లైనును మెయిల్ ప్రోగ్రామ్ మధ్యలో విరిస్తే చాలు, చెల్లదు. డాష్‌తో మొదలయ్యే లైన్లకు ముందు జీపీజీ ఇంకో డాష్, ఖాళీ చేరుస్తుంది. చూడ్డానికి బాగోలేదని దాన్ని చేత్తో తీసేసినా అదే ఫలితం. తెలుగులో రాసేవాళ్లకు అదనపు బెడద ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, యూటీఎఫ్-8లో 3 బైట్లు. కాపీ పేస్ట్‌లో అది రాలిపోతే వత్తు మారుతుంది, చదివేవాళ్లు పట్టించుకోరు. జీపీజీ పట్టించుకుంటుంది.

అందుకే సందేశాన్ని ఫైల్‌గా రాసి, ఆర్మర్, డిటాచ్-సైన్ ఆప్షన్లతో విడి సంతకం చేసి, రెండూ అటాచ్ చేయడం మేలు. మెయిల్ ప్రోగ్రామ్‌కు పీజీపీ/మైమ్ (విడి సంతకాన్ని తనే అటాచ్ చేసే పద్ధతి) వస్తే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. 2001 నాటి ఆర్ఎఫ్‌సీ 3156 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పే పద్ధతి అదే. విడి సంతకాన్ని వెరిఫై చేసేటప్పుడు సంతకం ఫైల్ పేరు ముందు, సందేశం పేరు తర్వాత ఇవ్వాలి.