చూపు పోయిన దిక్కున ఏం మిగిలిందో ఇంట్లో చూసుకోవడం

పక్షవాతం మెదడు వెనక భాగాన్ని ఒక పక్క దెబ్బతీస్తే రెండు కళ్లలోనూ ఒకే దిక్కు చూపు పోతుంది. కళ్లు బాగానే ఉంటాయి, అందుకే అద్దాలు మార్చినా లాభముండదు. అయినా కొందరికి ఆ దిక్కున కదలిక అందుతుంది. గాయపడిన సైనికుల్లో దీన్ని బ్రిటిష్ నరాల డాక్టరు జార్జ్ రిడాక్ 1917లోనే రాశాడు. కనబడలేదంటూనే సరిగ్గా చెప్పగలగడానికి 1974లో మనస్తత్వ శాస్త్రవేత్త వైస్‌క్రాంట్జ్ బృందం ‘బ్లైండ్‌సైట్’ అని పేరు పెట్టింది.

ఇంట్లో చూసేటప్పుడు చూపు పోయిన మనిషిని "కనబడుతుందా?" అని అడగొద్దు, లేదనే అంటారు. "కదిలింది అడ్డమా, నిలువా? ఏదో ఒకటి చెప్పు నాయినా" అనాలి.

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు మీటరు దూరంలో ఎదురుగా కూర్చుంటారు, చూపు పోయినవాళ్లు ఆ మనిషి ముక్కునే చూడాలి. రెండో మనిషి కనబడని దిక్కున నిలబడి, ఆ ముక్కుకు రెండున్నర జానల పక్కన, అదే ఎత్తులో, కర్రకు గుచ్చిన తెల్ల అట్టబిళ్లను వేగంగా ఊపాలి. మెల్లగా ఊపితే అందదు. ఏ సారి అడ్డం, ఏ సారి నిలువు అన్నది ముందే రూపాయి బిళ్ల ఎగరేసి 20 సార్లకు రాసిపెట్టుకోండి. మనసుకు తోచినట్టు ఊపితే వరస దొరికిపోతుంది.

20లో 10, 12 సరైనవి వస్తే అది ఉత్త ఊహే. 15 దాటితే ఇంకో రోజు మళ్లీ చేయండి, అప్పుడూ వస్తే నమ్మొచ్చు.

తప్పులు ఎక్కువగా చప్పుడుతో వస్తాయి. గాజులు తీసిపెట్టండి, ఫ్యాను తిరగనివ్వండి. చీకట్లో టార్చి వాడొద్దు, వెలుతురు కంటి లోపలే చెదిరి బాగున్న సగానికి చేరుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి పని ఒక్కటే: కనుగుడ్డును గమనించడం. అది పక్కకు జరిగిందా, ఆ సారి లెక్కలోంచి కొట్టేయండి.

20కి 18 వచ్చినా సరే, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర రోడ్డు దాటడానికి దీన్ని నమ్ముకోవద్దు. తల పూర్తిగా ఆ దిక్కుకు తిప్పి చూడాల్సిందే. బండి తాళం ఇవ్వొద్దు. చూపు కొత్తగా, ఉన్నట్టుండి పోతే పరీక్షలు మాని వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే.

చదివేటప్పుడు ఎడమ దిక్కు పోయినవాళ్లకు వరుస మొదలు దొరకదు. పేపరు ఎడమ అంచున ఎర్ర రిబ్బను అంటించి, అది కనబడేదాకా తల తిప్పాకే వరుస మొదలుపెట్టమనండి.