గెలాక్సీ ట్రకర్: ఓడ ఎందుకు ఊడింది, ఈసారి ఏం చేయాలి

వ్లాడా ఖ్వాటిల్ రూపొందించిన గెలాక్సీ ట్రకర్ అనే బోర్డు గేమ్‌ను చెక్ గేమ్స్ ఎడిషన్ 2007లో తెచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. ముందు అందరూ ఒకేసారి, నడిమధ్య బోర్లించిన టైల్స్ (ఓడ భాగాల అట్టముక్కలు) కుప్పలోంచి ఒక్కొక్కటే తీసుకుంటూ ఎవరి ఓడ వాళ్ళు కట్టుకుంటారు. తర్వాత కార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ, ఆ ఓడల్లో సరుకేసుకుని ఉల్కలు, పైరేట్లు, స్మగ్లర్ల మధ్య నుంచి బయటపడాలి. గొడవంతా ఈ రెండో సగంలోనే వినిపిస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ పాచికల్ని తిడతారు. పాచికలది నిజంగా తప్పయ్యేది చాలా తక్కువసార్లు. కింద చెప్పిన తప్పుల్లో ఎక్కువ భాగం ఓడ కట్టేటప్పుడే జరిగిపోతాయి.

ఇక్కడి లెక్కలు మొదటి ఎడిషన్‌వి. 2021లో వచ్చిన రెండో ఎడిషన్ ఆడుతున్నవాళ్ళు అంకెల్ని తమ పెట్టెలోని పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి.

“ఒక్క రాయి తగిలింది, సగం ఓడ పోయింది”

ఇంట్లో ఎక్కువసార్లు వినపడే ఏడుపు ఇదే. కారణం ఓడకి మెడ ఉండటం.

ఒక ఓడని దగ్గరగా చూద్దాం. నడుమ మొదటి క్యాబిన్ (సిబ్బంది గది) ఉంది, అంటే 7వ కాలమ్, 7వ అడ్డవరుస. దాని ఎడమ పక్కన, 6వ కాలమ్‌లో ఒకే ఒక్క బ్యాటరీ టైల్. దానికి ఇంకా ఎడమన, 5వ కాలమ్‌లో పైనుంచి కిందికి ఒక షీల్డ్, ఒక సరుకు గది, ఒక ఇంజిన్. చూడ్డానికి రెక్కలా బాగానే ఉంటుంది. ముందు నుంచి పెద్ద ఉల్క వచ్చి, పాచికల మీద 6 పడిందనుకోండి. ఆ కాలమ్‌లో మొదట ఎదురయ్యేది బ్యాటరీ టైలే, అది పోతుంది. దాన్ని పట్టుకుని ఉన్న మూడు టైల్సూ దాంతోపాటే పోతాయి. పోయిన ఒక్కో టైల్‌కి చివర్లో 1 క్రెడిట్ (ఆటలో డబ్బు) కట్టాలి కాబట్టి అక్కడికక్కడే 4 క్రెడిట్లు. బ్యాటరీలో ఉన్న ఛార్జీలు, గదిలో ఉన్న సరుకు అదనపు నష్టం.

రెండు పాచికల మొత్తం 6 కావడానికి 36లో 5 అవకాశాలు. అంటే ఇది దురదృష్టం కాదు, రావలసిందే వచ్చింది.

పరిష్కారం చాలా చవక. 6వ కాలమ్‌లోనే 8వ అడ్డవరుసలో ఇంకో టైల్ పెట్టి, దాన్ని ఎడమన రెక్కకీ, కుడిన ఓడ మిగతా భాగానికీ కలపండి. మెడ కాస్తా వలయం అవుతుంది. బ్యాటరీ పోయినా రెక్క వేలాడుతూనే ఉంటుంది. స్ట్రక్చరల్ మాడ్యూల్ అనే టైల్స్ ఏ పనీ చేయవని అందరూ కుప్పలోకి విసిరేస్తారు కదా, అవి పనికొచ్చేది ఇక్కడే. కట్టడం అయ్యాక ఒక్కో టైల్ మీద వేలు పెట్టి “ఇది పోతే ఇంకేం పోతుంది?” అని అడగండి. జవాబు మూడు టైల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే అక్కడ మెడ ఉన్నట్టే.

“చిన్న రాయికి కూడా టైల్ పోయిందేంటి?”

చిన్న ఉల్క నున్నటి అంచుకు తగిలితే జారి పోతుంది. తెరిచి ఉన్న కనెక్టర్‌కు (టైల్ అంచున ఉండే అతుకు గొట్టానికి) తగిలితేనే టైల్ ఊడుతుంది. కాబట్టి రాయి వచ్చే వైపుకి దేనికీ కలవని కనెక్టర్ ఒకటి చూస్తోందన్నమాట. టైల్‌కి మిగతా మూడు పక్కలు ఎలా ఉన్నా ఆ రాయికి సంబంధం లేదు.

ఓడ అంచులకి వచ్చేసరికి టైల్‌ని తిప్పి తిప్పి చూసి, నున్నటి పక్క బయటికి వచ్చేలా పెట్టండి. తెరిచిన కనెక్టర్లకి ఇంకో రెండు జరిమానాలు ఉన్నాయి. స్టార్‌డస్ట్ కార్డు వస్తే ఒక్కో దానికి ఒక రోజు, అంటే ప్రయాణ పలక మీద ఒక గడి, వెనక్కి జరగాలి. అందరికంటే తక్కువ తెరిచిన కనెక్టర్లు ఉన్నవాళ్ళకి ఇచ్చే అందమైన ఓడ బహుమతీ పోతుంది. అది మొదటి రౌండులో 2 క్రెడిట్లు, రెండో దాంట్లో 4, మూడో దాంట్లో 6. అలాగని ప్రతి రంధ్రం మూయడానికి సరైన టైల్ వెతుకుతూ సమయమంతా పోగొట్టుకోవద్దు. ఒకటో రెండో తెరిచి వదిలేసి ముందుకెళ్ళడమే మేలు.

“షీల్డ్ ఉంది, అయినా ఆగలేదు”

మూడు కారణాల్లో ఒకటి. మొదటిది, షీల్డ్ పక్కపక్కనున్న రెండు వైపుల్నే కాస్తుంది. నాలుగు వైపులా కావాలంటే రెండు షీల్డులు ఎదురెదురు మూలలకి తిరిగి ఉండాలి. ఇద్దరు పిల్లల్లో ఒకరు తప్పకుండా రెండు షీల్డుల్నీ ఒకే మూలకి తిప్పి పెడతారు. రెండోది, వాడిన ప్రతిసారీ ఒక బ్యాటరీ ఛార్జీ కావాలి. అది లేకపోతే షీల్డ్ ఒట్టి బొమ్మ. మూడోది, వచ్చింది పెద్ద ఉల్క. దాన్ని షీల్డ్ ఆపలేదు, ఫిరంగితోనే పేల్చాలి. పెద్ద ఫిరంగి గుండుని అయితే ఏదీ ఆపలేదు, ఓడకి తగలకుండా పోవాలని మొక్కుకోవడమే.

పెద్ద ఉల్క విషయంలో ఇంకో పొరపాటు ఉంది. ముందు నుంచి వచ్చేదాన్ని కొట్టాలంటే సరిగ్గా అదే కాలమ్‌లో ముందుకి చూసే ఫిరంగి ఉండాలి. పక్క నుంచి వచ్చేదానికి ఆ వైపు చూసే ఫిరంగి అదే వరుసలో గానీ, ఆనుకున్న వరుసలో గానీ ఉంటే చాలు. అందుకే పక్కకి చూసే ఫిరంగి ఒక్కటి మధ్యలో ఉంటే మూడు వరుసలు చూసుకుంటుంది. బలం లెక్కలో మాత్రం దాని విలువ సగమే.

“ఓపెన్ స్పేస్ కార్డు వచ్చింది, మాకు ఇంజినే లేదు”

ఇంజిన్లు ఉంటాయి, అన్నీ డబుల్ ఇంజిన్లే. డబుల్ ఇంజిన్ బలం 2, కానీ వాడిన ప్రతిసారీ ఒక ఛార్జీ తింటుంది. డబుల్ ఫిరంగీ అంతే, షీల్డూ అంతే. ఒక బ్యాటరీ టైల్‌లో రెండో మూడో ఛార్జీలుంటాయి. మొదటి రౌండులో 8 కార్డులు. రెండు డబుల్ ఇంజిన్లు, ఒక డబుల్ ఫిరంగి, ఒక షీల్డ్ పెట్టుకుని బ్యాటరీ ఒక్కటే పెడితే మూడో కార్డుకే కరెంటు పోతుంది. ఓపెన్ స్పేస్ అంటే ఇంజిన్ బలంతో ముందుకి జరిగే కార్డు, అందులో బలం సున్నా అయితే ఆ ప్రయాణం అక్కడితో ముగిసినట్టే.

మందు: ఎన్ని డబుల్స్ ఉన్నా సరే, కనీసం ఒక సింగిల్ ఇంజిన్ పెట్టండి. అది ఛార్జీ అడగదు. బ్యాటరీలు వాటిని వాడే టైల్స్ పక్కనే ఉండక్కర్లేదు, ఓడలో ఎక్కడున్నా పనిచేస్తాయి. అందుకని అన్నిటినీ ఒకే మూల పెట్టకుండా చెరో వైపు పెట్టండి. మొదటి రౌండుకి మా అంచనా ఇది: ఇంజిన్లు రెండు మూడు, ముందుకి చూసే ఫిరంగుల బలం 3 లేదా 4, బ్యాటరీలు రెండు, షీల్డులు రెండు, అదనపు క్యాబిన్లు రెండు, మిగిలిన చోటు సరుకుకి.

“నా ఇంజిన్ ఎందుకు తీసేశారు?”

ఎగిరే ముందు తనిఖీలో వచ్చే తగాదా. ఎవరి ఓడ వాళ్ళు చూసుకుంటే తప్పు కనపడదు. కుడి పక్కవాళ్ళ ఓడని ఎడమ పక్కవాళ్ళు చూడాలి. చూడాల్సినవి ఇవి: ఇంజిన్లన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయా, ఇంజిన్ వెనక గడి ఖాళీగా ఉందా, ఫిరంగి నోటి ముందు గడి ఖాళీగా ఉందా, కనెక్టర్లు సరిగ్గా కలిశాయా.

కనెక్టర్ల దగ్గరే చిక్కంతా. ఒంటి గొట్టం ఒంటి దానికి, జంట గొట్టం జంటకి. మూడు గొట్టాల యూనివర్సల్ దేనికైనా కలుస్తుంది. ఒంటికీ జంటకీ పొత్తు కుదరదు. కనెక్టర్ ఎదురుగా నున్నటి అంచు రాకూడదు. నున్నటివి రెండూ ఆనుకుంటే తప్పు కాదు, కానీ అక్కడ అతుకు పడలేదని గుర్తుంచుకోండి. తప్పు దొరికితే ఆ టైల్ తీసేసి పోయిన టైల్స్ కుప్పలో వేయాలి. కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళకి మొదటి రౌండులో ఈ జరిమానా మాఫీ చేస్తే ఆట చెడిపోదు.

“చిన్నది సగం కట్టేలోపే గడియారం అయిపోతోంది”

కారణం చాలాసార్లు వయసు కాదు, వెతికే పద్ధతి. పిల్లలు ఒక డబుల్ ఫిరంగే కావాలని బోర్లించిన టైల్స్‌ని వరుసగా తిరగేస్తూ పోతారు. తీసి చూసి వద్దనుకున్న ప్రతి టైల్‌నీ ముఖం పైకి ఉండేలా వెనక్కి పెట్టాలి కదా. రెండు నిమిషాలయ్యేసరికి అలా కనపడుతూ పడున్న టైల్స్ బోలెడు. ముందు వాటిని చూడమనండి. ఇంకోటి: నచ్చిన టైల్ ఇప్పుడే సరిపోకపోతే రెండింటి దాకా పక్కన దాచుకోవచ్చు. దాచాక తిరిగి కుప్పలో పెట్టకూడదు, వాడకపోతే పోయిన టైల్స్‌లోకే.

ఇంకా వెనకబడుతుంటే పెద్దవాళ్ళ చేతుల్ని కట్టేయకండి, గడియారాన్ని చూసుకోండి. ఇసుక అయిపోగానే దాన్ని తప్పనిసరిగా తిప్పాలని నియమం లేదు, తిప్పొచ్చు అంతే. ఆఖరి తిప్పు కట్టడం పూర్తి చేసినవాళ్ళకే. తిప్పే హక్కు చిన్నవాళ్ళకో, అమ్మమ్మకో ఇస్తామని ఇంటి నియమం పెట్టుకుంటే చాలా తగాదాలు తగ్గుతాయి. చోటు కూడా ముఖ్యమే: పొడుగాటి డైనింగ్ టేబుల్ చివర కూర్చున్నవాళ్ళకి కుప్ప అందదు. కింద దుప్పటి పరుచుకుని చుట్టూ కూర్చుంటే అందరికీ సమాన దూరం. బ్యాటరీ ముక్కలు, సరుకు ఘనాలు రెండు చిన్న గిన్నెల్లో పోయండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఆ గిన్నెలు కింద మాత్రం పెట్టకండి.

“ఏలియన్‌ని ఎక్కించినా బలం పెరగలేదు”

ఊదా ఏలియన్ ఫిరంగి బలానికి 2 కలుపుతుంది, గోధుమరంగు ఏలియన్ ఇంజిన్ బలానికి 2. కానీ అసలు బలం సున్నా అయితే ఏమీ కలపవు. ఒక్కో రంగుది ఒక్కటే ఎక్కుతుంది, అదీ తన రంగు లైఫ్ సపోర్ట్ అతుక్కుని ఉన్న క్యాబిన్‌లో, ఇద్దరు మనుషుల బదులు. నడిమధ్య మొదటి క్యాబిన్ మనుషులకే. మనుషులంతా పోతే ఏలియన్లు ఉన్నా ఓడ ఆగిపోతుంది.

“సరుకు నిండా ఉంది, డబ్బులు మాత్రం రాలేదు”

ఎర్ర ఘనం 4 క్రెడిట్లు, పసుపు 3, ఆకుపచ్చ 2, నీలం 1. ఎర్రవి ఎర్ర గదుల్లోనే పడతాయి. అవి లేకుండా గ్రహం మీద దిగితే మంచి సరుకు అక్కడే వదిలి రావాలి, రోజులు మాత్రం పోతాయి. మధ్యలో ప్రయాణం వదిలేసినా, ముందున్న ఓడ మిమ్మల్ని ఒక చుట్టు దాటేసినా సరుకుకి సగం ధరే. చేరినందుకు ఇచ్చే డబ్బు కూడా రాదు. మొదటి రౌండులో అది చేరిన వరుసని బట్టి 4, 3, 2, 1. ఒక్క ఎర్ర ఘనం కోసం మూడు రోజులు పోగొట్టుకుని ఆఖరికి జారడం లాభమో కాదో అప్పుడే లెక్కేసుకోండి.

“మొదటి రౌండు బాగా గడిచింది, రెండో దాంట్లో తుక్కయ్యాం”

మొదటి ఓడ 5 నుంచి 9 వరకు ఉన్న కాలమ్‌లలోనే ఉంటుంది. రెండు పాచికలు ఆ అంకెల్లో పడే అవకాశం 36లో 24. అంటే ముందు నుంచి వచ్చే రాళ్ళలో ఇంచుమించు మూడోవంతు పక్క నుంచే పోతాయి. రెండో ఓడ 4 నుంచి 10 దాకా వెడల్పవుతుంది, అప్పుడు 36లో 30. దానికి తోడు కార్డులు 8 నుంచి 12 అవుతాయి, వాటిలో కొత్తవి మరింత బలమైనవి. పెద్ద పలక దొరికిందని అన్ని గడులూ నింపాలని లేదు. అంచు కాలమ్‌లు ఖాళీగా వదిలితే అక్కడికి వచ్చే రాళ్ళు గాల్లో పోతాయి.

కార్డుల్ని చూడకపోవడం ఇంకో కారణం. నాలుగు కుప్పల్లో మూడింటిని, కనీసం ఒక టైల్ పెట్టాక, కట్టే సమయంలోనే తీసి చూడొచ్చు. మొదటి రౌండులో అది 8లో 6 కార్డులు. వేగంగా కట్టేవాళ్ళు మిగిలిన సమయంలో ఇది చేయాలి. ఉల్కలు ఎటు నుంచి వస్తున్నాయో కార్డు మీద బాణాలే చెబుతాయి.

“ఓడిపోయాను” అని అలక

ఈ ఆటలో చివరికి 1 క్రెడిట్ అయినా మిగిలినవాళ్ళంతా గెలిచినట్టే, ఎక్కువ ఉన్నవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ గెలిచినట్టు. ఈ నియమాన్ని మొదలుపెట్టే ముందే గట్టిగా చదివి వినిపించండి. మూడో రౌండులో కార్డులు 16. పదేళ్ళలోపు పిల్లలుంటే రెండో రౌండు తర్వాత లెక్క చూసేయొచ్చు.