సుగంధి పాల వేరు: గుర్తించడం, తవ్వడం, షర్బతు కాచుకోవడం

నల్లమల, శేషాచలం కొండల్లో దొరికే మూలికలలో వంటింటికి అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చేది సుగంధి పాల అని నా నమ్మకం. ఎండాకాలంలో రాయలసీమ వీధుల్లో అమ్మే నన్నారి షర్బతును ఈ వేరుతోనో, దీని బంధువైన మారెడు గడ్డలతోనో కాస్తారు.

సుగంధి పాల రాళ్ల సందుల్లోనూ పొదల నీడలోనూ నేల మీద పాకుతూ, అందిన కొమ్మనల్లా చుట్టుకుంటూ పెరిగే సన్నని తీగ. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటాయి. ఒకే తీగకు సన్నని పొడవాటి ఆకులూ, వెడల్పాటి ఆకులూ రెండూ ఉండవచ్చు కనుక ఆకారం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. ముదురాకుపచ్చని ఆకు మీద నడిమి ఈనె వెంబడి తెల్లని చార తరచుగా కనిపిస్తుంది, తుంచితే పాలు కారుతాయి. అయితే పాలు కారే తీగలలో విషపు తీగలు కూడా ఉన్నాయి కాబట్టి, మొదటిసారి వెళ్లేవారు ఈ తీగను బాగా ఎరిగిన స్థానికులను వెంటబెట్టుకోవడం తప్పనిసరి. వేరు బెరడును గోటితో గీరినప్పుడు వెనిల్లాను తలపించే తీయని వాసన రాకపోతే, మిగతా గుర్తులన్నీ సరిపోయినా దానిని వదిలేయాలి.

అభయారణ్యాలలోనూ జాతీయ పార్కులలోనూ వేళ్లు తవ్వడం చట్టవిరుద్ధం. శేషాచలంలో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నుంచి ఉంది. అడవిలో చిన్నతరహా ఫలసాయాన్ని సేకరించే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెంచులవంటి అడవి బిడ్డలకు ఇచ్చింది. మిగిలినవారు సొంత పొలం గట్లకే పరిమితం కావాలి, లేదా గిరిజన సహకార సంస్థ దుకాణాలలో కొనుక్కోవాలి. గట్టు మీద తవ్వేటప్పుడు కూడా వానలు వెనుకబట్టి నేల ఇంకా మెత్తగా ఉన్న రోజులు చూసుకుని, పక్క వేళ్లను మాత్రమే కోసి, తీగ మొదలును కదపకుండా మళ్లీ మట్టి కప్పాలి.

షర్బతుకు 100 గ్రాముల వేరు తీసుకుని, మట్టి పూర్తిగా పోయేలా కడిగి, నీడన ఆరబెట్టాలి. రోట్లో తేలికగా దంచితే గోధుమరంగు బెరడు విడిపోయి, లోపలి గట్టి పుల్ల బయటపడుతుంది. పరిమళమంతా బెరడులోనే ఉంటుంది కనుక పుల్లను పారేయవచ్చు. ఆ బెరడు మీద లీటరు వేడినీళ్లు పోసి, మూతపెట్టి, రాత్రంతా నాననివ్వాలి. మూత లేకుండా ఎక్కువసేపు మరిగిస్తే ఆ సువాసన ఆవిరితో పోతుంది. పొద్దున పలుచని బట్టలో వడకట్టి, కిలో పంచదార కలిపి, సన్నని సెగ మీద పంచదార కరిగి కాస్త జిగురు వచ్చేవరకే ఉంచి, చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. గ్లాసు చల్లని నీళ్లలో రెండు మూడు చెంచాల పాకం, అర నిమ్మచెక్క రసం, నానిన సబ్జా గింజలు వేసుకుంటే సరిపోతుంది.

ఆయుర్వేదం ఈ వేరును శారిబ అని పిలిచి, ఒంటికి చలువ చేసేదిగా చెబుతుంది. మధుమేహం ఉన్నవారు పంచదార కలపని నానబెట్టిన నీటినే కొద్దిగా తాగవచ్చు. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు ముందుగా వైద్యులను అడగాలి.