నవల ఇచ్చే ముందు అడగవలసిన మాట

ఆదివారం ఆరాధన ముగిశాక చాలామంది నా గుడ్డసంచి కోసం చూస్తారు. అందులో ఎప్పుడూ ఐదారు క్రైస్తవ నవలలు ఉంటాయి. అన్నీ ఇంగ్లీషువే, ఎక్కువగా అమెరికా రచయితలవి. సికింద్రాబాదులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను మనసు పెట్టి చేస్తున్న పని ఇదే. "అక్కా, ఏదైనా మంచి నవల ఇవ్వండి" అంటారు. ఆ మాట వినగానే సంచిలో చెయ్యి పెట్టకూడదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మీరూ ఇలా పుస్తకాలు ఇచ్చేవారైతే ముందు ఒక్క మాట అడగండి: "ఈ మధ్య ఏ పుస్తకం సగంలో వదిలేశారు?" నచ్చిన పుస్తకం చెప్పమంటే మర్యాదకు ఏదో ఒక పేరు చెబుతారు. వదిలేసిన పుస్తకం గురించి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరికి పేజీ పేజీకీ ప్రసంగం వచ్చి విసుగు పుట్టి ఉంటుంది. ఇంకొకరికి ఇంగ్లీషు కొరుకుడు పడి ఉండదు. మా సంఘంలో ఒక నర్సు ఉంది. రాత్రి డ్యూటీలో పదేసి నిమిషాలు తప్ప చదవడానికి సమయం చిక్కదు. ఆమెకు సారా సండిన్ రాసిన 'ద సౌండ్ ఆఫ్ లైట్' ఇచ్చాను. 2023లో వచ్చిన నవల, ఇంగ్లీషు తేలిక, కథ పరుగెడుతుంది.

ఇచ్చేటప్పుడు కథంతా చెప్పకండి, ఒక్క దృశ్యం చాలు. ఆ నర్సుకు నేను చెప్పింది ఇంతే: "నాజీల చేతిలో ఉన్న డెన్మార్క్. పెద్ద వంశంలో పుట్టిన ఒకడు పేరు మార్చుకుని నౌకాశాలలో కూలీగా చేరాడు. చీకట్లో తెడ్డు వేసుకుంటూ స్వీడన్‌కు రహస్య సందేశాలు మోస్తాడు." 1943 అక్టోబరులో డెన్మార్క్ ప్రజలు ఏడు వేలకు పైగా యూదులను పడవల్లో స్వీడన్ చేర్చారన్న చరిత్ర పుస్తకం పూర్తిచేశాక చెప్పాను. ముందే చెప్పి ఉంటే చదివేటప్పుడు ఆ ఉత్కంఠ ఉండేది కాదు.

బాధపెట్టే విషయం ఉంటే మాత్రం దాచకండి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఫ్రాన్సిన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్' మన వాళ్ళలో బాగా చేతులు మారే పుస్తకం. మొదట 1991లో వచ్చింది, 2022లో సినిమా అయింది. బైబిలులోని హోషేయ గ్రంథం కథను కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తెచ్చారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయికి "మంచి ప్రేమకథ" అని చెప్పి ఇచ్చాను. ఆ కథానాయికను చిన్నపిల్లగా ఉండగానే అమ్మేస్తారన్న మాట చెప్పలేదు. అమ్మాయి మూడో రోజే తిరిగి తెచ్చి, "చదవలేకపోయానండీ" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె మనసులో ఏముందో అడిగే హక్కు నాకు లేదు. ఆ రోజు నుంచి ప్రతి పుస్తకం లోపల ఒక చిన్న చీటీ పెడుతున్నాను: కథ ఎక్కడిది, ఏ కాలానిది, బాధపెట్టే సంగతులేమిటి. ఆ రచయిత్రి మీద ఆసక్తి ఉన్న చిన్న వయసు అమ్మాయిలకు ఇప్పుడు 2022లో వచ్చిన 'ద లేడీస్ మైన్' ముందు ఇస్తాను. 1875లో బోస్టన్ నుంచి గనుల ఊరికి వచ్చి, తండ్రి సోదరుడు వదిలి వెళ్ళిన పత్రికను నడిపే అమ్మాయి కథ అది.

చార్ల్స్ మార్టిన్ 'ద వాటర్ కీపర్' (2020) చీటీలో కూడా అమ్మాయిల అక్రమ రవాణా అని రాసి ఉంటుంది. ఆ కథ మూడు పుస్తకాలుగా నడుస్తుంది కాబట్టి వరుస కూడా రాశాను.

కొత్త పుస్తకాలు వెతుక్కోవడానికి, క్రైస్తవ నవలలకు ఇచ్చే క్రిస్టీ అవార్డుల జాబితా చూస్తాను. 2000 నుంచి ఇస్తున్నారు. అయితే బహుమతి వచ్చిందన్న ఒక్క కారణంతో ఎవరికీ ఇవ్వను.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నవి గిలియడ్ అనే ఊరి మనుషుల గురించి మెరిలిన్ రాబిన్సన్ రాసిన నవలలు. ఇవి కష్టమైనవి, అధ్యాయాలు కూడా ఉండవు. ఆ మాట ముందే చెప్పి ఇస్తాను. 2020లో వచ్చిన 'జాక్' మన సంఘాల్లో ప్రతి ఒక్కరూ చదవాలని నా కోరిక. పాస్టరు గారి కొడుకు, తెల్లవాడు. బిషప్పు గారి కూతురు, నల్లజాతి ఉపాధ్యాయిని. సెయింట్ లూయిస్ నగరంలో, వాళ్ళ పెళ్ళిని చట్టమే ఒప్పుకోని రోజుల్లో, ఇద్దరూ ఒక రాత్రంతా తాళం వేసిన సమాధుల తోటలో మాట్లాడుకుంటూ గడుపుతారు. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పిల్లల పెళ్ళిళ్ళ దగ్గరికి వచ్చేసరికి కులం అడిగే మనకు ఈ కథ పరాయిది కాదు. అయినా అలా చెప్పి ఇవ్వను. పొడిచినట్టు ఇస్తే పుస్తకం తెరవరు. సమాధుల తోట గురించి చెప్పి ఊరుకుంటాను.

పుస్తకం తిరిగి వచ్చినప్పుడు "ఏం నేర్చుకున్నారు?" అని అడగకండి. అది సండేస్కూలు ప్రశ్న. "ఎక్కడ ఆగి మళ్ళీ చదివారు?" అని అడగండి.

మా సంఘంలో ఒక పెద్దావిడ, పాస్టరు గారి భార్య, భర్తను పోగొట్టుకున్నారు. ఆవిడకు 'గిలియడ్' ఇచ్చాను. 2005లో పులిట్జర్ బహుమతి పొందిన నవల. గుండె జబ్బుతో ఉన్న ముసలి పాస్టరు ఏడేళ్ళయినా నిండని కొడుక్కు రాసిన ఉత్తరం అది. నాలుగు నెలలు ఉంచుకున్నారు, నేను ఒక్కసారి కూడా అడగలేదు. తిరిగి తెచ్చిన రోజు ఆ ప్రశ్న అడిగితే ఒక పేజీ తెరిచి చూపించారు. పిడుగు పడి కాలిపోయిన చర్చిని వానలో అందరూ కలిసి కూలదీస్తున్నారు. అప్పటికి పసివాడైన ఆ పాస్టరుకు తండ్రి మసి అంటిన చేతులతో రొట్టెముక్క అందిస్తాడు. పెద్దవాడయ్యాక ఆ పిల్లవాడికి అది ప్రభురాత్రి భోజనంలా గుర్తుండిపోతుంది.

"మా నాన్న కూడా ఇలాగే పెట్టారమ్మా," అన్నారు. 1977 ఉప్పెన తరువాత దివిసీమలో, పైకప్పు లేచిపోయిన మందిరం గోడ పక్కన, బురద చేతులతో. చాలాసేపు ఆ పేజీ మీద వేలు అలాగే ఉంచారు. తరువాత సంచిలోకి తొంగి చూసి, అదే ఊరి కథ ఇంకొకటి ఉందా అని అడిగారు. 'హోమ్' తీసి ఇచ్చాను.