ఒకే ఉపమానాన్ని నాలుగు ప్రాంతాల విశ్వాసులతో కలిసి చదవడం ఎలా?

తప్పిపోయిన కుమారుడి కథ చెప్పమంటే సండేస్కూల్ పిల్లలు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆస్తి పంచమన్నాడు, దూరదేశం వెళ్లాడు, దుబారా చేశాడు, పందులు మేపాడు, బుద్ధొచ్చి ఇంటికొచ్చాడు, తండ్రి క్రొవ్విన దూడను కోయించాడు. ఈ వరసలో ఒకటి రెండు సంగతులు జారిపోయాయి. అవేమిటో మీ కూడికలో వాళ్లే పట్టుకుంటారు.

వేరే దేశాల క్రైస్తవులు వాక్యాన్ని ఎలా చదువుతారో తెలుసుకుంటే మన సిద్ధాంతానికి ఒరిగేదేమిటని అడిగేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. వాదించే బదులు ఒక సాయంత్రం వాళ్లతో ఇది చేయించండి. ఎనిమిది పది మంది, బైబిళ్లు, కాగితాలు, గంటన్నర సమయం ఉంటే చాలు.

ముందు చదవండి, మూసేయండి, చెప్పించండి

లూకా 15:11 నుంచి 32 వరకు ఒకరు గట్టిగా చదవాలి. తర్వాత బైబిళ్లన్నీ మూయించి, ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, కథను ఒకరికొకరు చెప్పుకోమనండి. వినేవారు సరిదిద్దకూడదు, విన్నది విన్నట్టు రాసుకోవాలి. పాస్టర్ గారు వస్తే ఆయన్నీ ఒక జతలో కలపండి. పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే అందరూ ఆయన ముఖం చూస్తూ చెబుతారు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ఆ కొడుకు పస్తులు ఎందుకున్నాడు? జవాబులు రాసుకున్నాకే బైబిళ్లు తెరిచి 14, 16 వచనాలు చూడమనండి.

దూరపు పాఠకుల మాట వినిపించండి

అమెరికాకు చెందిన కొత్త నిబంధన పండితుడు మార్క్ అలన్ పావెల్ ఇదే పని చేశాడు. అమెరికా విద్యార్థులు 100 మంది కథ తిరిగి చెబితే, 14వ వచనంలోని కరువు ఆరుగురికే గుర్తుంది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 50 మందిని అడిగితే 42 మంది కరువు సంగతి చెప్పారు. ఆ నగరం లెనిన్‌గ్రాడ్‌గా ఉన్న రోజుల్లో, 1941 నుంచి 1944 దాకా సాగిన ముట్టడిలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు కరువును దాటి ముందుకు వెళ్లలేరు. ఇక టాంజానియాలో పస్తులకు కారణం అడిగితే ఎక్కువమంది 16వ వచనం చూపించారు: "ఎవడును వానికేమియు ఇయ్యలేదు." ఊరు కాని ఊరు వచ్చిన కుర్రవాడికి తెలియక డబ్బు పోవచ్చు, పంట పోవచ్చు, ఆకలితో ఉన్నవాడికి పట్టెడన్నం పెట్టని ఊరిని ఏమనాలి?

ఇక్కడ తొందరపడి ముందుకు వెళ్లకండి, అసలు సరుకు ఇక్కడే ఉంది. దుబారా, కరువు, ఎవరూ పెట్టకపోవడం: మూడు జవాబులూ వాక్యంలో ఉన్నవే. దుబారా కారణమైతే పాపం ఆ కుర్రవాడి నడవడిలో ఉంది, మారుమనస్సు అంటే ఆ నడవడి మార్చుకోవడం. కరువు కారణమైతే పాపం తండ్రి ఇల్లు లేకుండా బతకగలననుకోవడంలో ఉంది, రక్షణ అంటే చావు నుంచి బయటపడటం. ఎవరూ పెట్టకపోవడం కారణమైతే దూరదేశమంతా దోషి, తండ్రి ఇల్లు దానికి ఎదురుగా నిలబడ్డ మరో రాజ్యం. మనం చిన్నప్పటి నుంచి విన్న ప్రసంగాలు చాలావరకు మొదటిదాని చుట్టూనే తిరిగాయి. నన్నడిగితే మిగతా రెండూ లేకుండా పాపం గురించి చెప్పే బోధ కుంటిదే.

నాలుగో మాట మధ్యప్రాచ్యం నుంచి. ఈజిప్టు, లెబనాన్ లాంటి చోట్ల దశాబ్దాలు గడిపిన బైబిలు పండితుడు కెన్నెత్ బెయిలీ, తండ్రి బతికుండగా వాటా అడగడం ఎలా ఉంటుందని పల్లెల్లో అడిగేవాడు. అది తండ్రి చావు కోరడమే అన్నారు వాళ్లు. ఊరిపెద్ద అంగీ ఎత్తిపట్టి పరుగెత్తడం కూడా అక్కడ సిగ్గుచేటు. అంటే 20వ వచనంలో ఎదురు పరుగెత్తిన తండ్రి కొడుక్కి రావలసిన అవమానాన్ని తన మీద వేసుకుంటున్నాడు. సిలువను గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి తలుపు దొరకడం కష్టం.

ఇప్పుడు మన ఇంటి వైపు తిరగండి

కరువును మనమూ మరిచిపోయామంటే అది వింతే. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కోస్తా జిల్లాల సంఘాల్లో చాలామంది ముత్తాతల సాక్ష్యం కరువుతోనే మొదలవుతుంది. పెద్దవాళ్లుంటే వాళ్లు విన్న కథలు అడగండి.

గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లుంటే వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. దూరదేశం వాళ్లకు ఉపమానంలోని మాట మాత్రమే కాదు. ఆ తర్వాత, ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల దృష్టిలో దూరదేశం ఏదని అడగండి. గది కాసేపు ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

ప్రతి మాటనూ వాక్యంతో తూచండి

సంస్కృతి చెప్పిందల్లా నిజమైపోదు. ఇప్పటి పల్లె ఆచారం మొదటి శతాబ్దంలోనూ అలాగే ఉండేదని బెయిలీ మాటతోనే తేల్చేయలేం. అందుకే ఆయన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల సంఘాలు జాతి విభజనను బైబిలుతోనే సమర్థించుకున్నాయి. ఆ తప్పును అక్కడి నల్లజాతి, మిశ్రమజాతి విశ్వాసులు ఎత్తిచూపారు. 1982లో రాసి 1986లో ఆమోదించిన బెల్హార్ విశ్వాస ప్రమాణం అలా వచ్చిందే. ప్రతి జతనూ రెండు ప్రశ్నలు అడగండి: ఈ అర్థానికి ఆధారం ఏ వచనం? ఈ అర్థం వల్ల ఎవరికి లాభం, ఎవరి నోరు మూతపడుతోంది?

వచ్చే వారానికి

ద్వితీయోపదేశకాండము 26:5-9 తీసుకోండి. మా పితరులు దిక్కులేనివాళ్లు, బానిసలు, మొరపెడితే దేవుడు విన్నాడని ఇశ్రాయేలీయులు ఒప్పుకునే చోటు అది. దళితుల అనుభవం నుంచి బైబిలును చదివే దళిత వేదాంతానికి 1980లలో పునాది వేసిన అరవింద్ నిర్మల్ ఈ భాగాన్ని దళితుల విశ్వాస ప్రమాణానికి నమూనాగా చదివాడు. మాల, మాదిగ కుటుంబాల సంతతే ఎక్కువగా ఉన్న మన సంఘాలకు ఇది ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయితే నిర్మల్ పేరు మొదట్లో ఎత్తకండి. జతలన్నీ చెప్పడం ముగించాకే ఆయన మాట వినిపించండి, లేకపోతే అందరూ ఆయన చూసిందే చూసి ఊరుకుంటారు.